మూడో నంబరు కప్పు

"మళ్ళీ వచ్చిందమ్మా," అన్నాడు వ్యాను డ్రైవరు, రేడియేటర్ మూత తీసి పట్టుకుని.

మెకానిక్కు వంగి చూసింది. నీళ్ళ మీద రంగురంగుల తెట్టు. వేలు ముంచి రుద్దుకుంది. జిడ్డు. డీజిలే. నెలలో ఇది మూడోసారి.

"రేపు పొద్దున ఆరింటికల్లా ఏడుగురిని డయాలసిస్‌కి చేర్చాలి. వాళ్ళు ఒక్కరోజు కూడా ఆగలేరు. దారిలో ఇంజను వేడెక్కి ఆగిపోయిందంటే నేనేం చెయ్యను?"

షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్న ఆమె తండ్రి పేపర్లోంచి తలెత్తలేదు.

"విప్పమను. చేతిలో ఒడుపు లేకపోతే విప్పుతూనే ఉండాలి మరి," అన్నాడు.

డ్రైవర్లందరూ ఆయన్ని ముక్కు మేస్త్రి అంటారు. పొగ వాసన చూసి ఇంజన్లో రోగమేమిటో చెప్పేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక పానాలు కూతురికి అప్పగించాడు గానీ, ఆఖరి మాట మాత్రం అప్పగించలేదు. పనంతా అయ్యాక రేడియేటర్లో నీళ్ళు ఆయనే పొయ్యాలి. పొయ్యబోయే ముందు డబ్బా వాసన చూసి "ఊఁ" అనాలి. అప్పుడే బండి గేటు దాటుతుంది.

"ఈసారి కూడా తేల్చలేకపోయావనుకో, రేపు మీ బావని పిలిపిస్తా. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో," అన్నాడు.

ఆమె పానా అందుకుంది. జవాబు చెప్పే ఓపిక ఉంటే ఇంకో నట్టు విప్పొచ్చు.

మధ్యాహ్నానికి, ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్సు ఆరూ బయటికి తీసి, ఒక డబ్బాలో డీజిల్‌తో కడిగి, ఆ డీజిల్ వంపేసి, అవి కూర్చునే కప్పుల్ని ఒక్కొక్కటే టార్చి వేసి చూసింది. డీజిల్‌కీ నీళ్ళకీ మధ్య అడ్డుగోడ ఆ కప్పే. అది చిట్లితే రెండూ కలిసిపోతాయి. మొదటిసారి నిజంగానే మూడో నంబరు కప్పు చిట్లింది, మార్చింది. రెండోసారి ఎక్కడా ఏమీ దొరక్క ఆరూ మార్చేసింది. ఇప్పుడు ఆరూ తళతళా మెరుస్తూ ఆమెని వెక్కిరిస్తున్నాయి.

అన్నీ బిగించి, డీజిల్ లైనులోకి గాలి కొట్టి, రేడియేటర్ దగ్గర నిలబడింది. ఎక్కడ సందున్నా నీళ్ళలో బుడగ రావాలి. అరగంట చూసింది. ఒక్క బుడగ వస్తే ఒట్టు.

"లీకు లేదు నాన్నా."

"లేకపోతే డీజిల్ ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఇంతలో ఏదో మాడిన వాసన. టీకి పెట్టిన పాలు! ఆమె పరుగెత్తింది. ఆయన కుర్చీకి బారెడు దూరంలో స్టవ్వు మీద గిన్నె నల్లగా మసైపోయి ఉంది.

"పక్కనే కూర్చున్నావు కదా నాన్నా, కాస్త కట్టెయ్యొచ్చుగా!"

"పేపరు చదువుకుంటున్నా, నాకేం తెలుసు? పాలు చూసుకోలేనిదానివి, ఇంజనేం చూసుకుంటావు?"

డ్రైవరు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులనిండా డీజిలే.

సబ్బునీళ్ళతో రేడియేటర్, ఇంజనూ మూడుసార్లు కడిగింది. నాలుగోసారి మంచినీళ్ళు. బయటికొచ్చిన నీళ్ళలో తెల్లగుడ్డ ముంచి చూసింది. మచ్చ లేదు, జిడ్డు లేదు. తన చేతులు కూడా మోచేతుల దాకా సబ్బుతో తోముకుంది.

"ఇంక పొయ్యి నాన్నా."

ఆయన పెద్దరికంగా లేచాడు. గోడవార వరసగా ఉన్న డబ్బాల్లో ఒకటి అందుకుని, కళ్ళు మూసుకుని, ముక్కు లోపలికంటా పెట్టి వాసన చూశాడు.

"ఊఁ. శుభ్రంగా ఉంది."

డ్రమ్ములోంచి కూలెంట్ నీళ్ళు ఆ డబ్బాలోకి పట్టుకుని, తొణుకుతూ తెచ్చి, వంచాడు. మామూలుగా అయితే ఆ సమయానికి ఆమె బండి కింద పడుకుని గొట్టాలు కారుతున్నాయేమో చూస్తూ ఉంటుంది. ఇవాళ ఆమెకి తన చేతుల మీదే నమ్మకం పోయింది. టార్చి వేసుకుని రేడియేటర్ మూతి దగ్గరే నిలబడింది.

డబ్బాలో సగం పోశాడో లేదో, "ఆగు నాన్నా," అంది.

లోపల, అప్పుడే పోసిన నీళ్ళ మీద రంగురంగుల తెట్టు.

"మళ్ళీనా?" అన్నాడు డ్రైవరు.

ఆమె తలెత్తి తండ్రి వైపు చూసింది. వణికే చేతుల్లో డబ్బా పట్టుకుని ఆయనా ఆమె వైపే చూస్తున్నాడు. ఎప్పుడు ఇంత ముసలివాడైపోయాడో ఆమె గమనించనే లేదు.

"దొరికిందన్నా," అంది డ్రైవరుతో. "మూడో నంబరు కప్పే. నేనే సరిగ్గా కూర్చోబెట్టలేదు. తప్పు నాది. సాయంత్రానికి బండి ఇచ్చేస్తా, రేపు నిశ్చింతగా వెళ్ళు. ఇంక రాదు."

"చెప్పానా!" ముక్కు మేస్త్రి మొహం వెలిగిపోయింది. "ఒడుపు లేదని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా. పోన్లే, నలుగురిలో తప్పు ఒప్పుకున్నావు. ఒప్పుకున్నవాళ్ళకే పని వస్తుంది. మీ బావని పిలవన్లే."

"సరే నాన్నా. అలిసిపోయావు, కూర్చో," అంటూ ఆయన చేతిలోంచి డబ్బా అందుకుంది.

ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే గుప్పుమంది, పొద్దున తను నాజిల్సు కడిగిన డీజిల్ డబ్బా.