గద్ద నీడలో పొద్దుటెండ

వినండి మరి, ఒక తుంగ మడుగులో నాంచారమ్మ అనే తల్లి తాబేలు ఉండేది. పైన గద్ద తిరుగుతోందన్న బెంగతో తన బుడ్డోణ్ణి పుట్టినప్పటినుంచీ బురదలోనే దాచింది.

ఒకనాడు పొరుగు కప్ప వచ్చి వాడి వీపు తడిమింది. “ఇదేంటి వదినా, డిప్ప ఉడికిన చామదుంపలా ఉంది! పొద్దుటెండ తగలందే గట్టిపడుతుందా?”

“పైన గద్ద ఉంది కదమ్మా!”

“వేసవిలో మడుగు ఎండితే ఆ గద్ద ఇక్కడికే దిగుతుంది. అప్పుడు ఈ మెత్తటి వీపుతో ఏం చేస్తాడు?”

మర్నాడు పొద్దు పొడవగానే నాంచారమ్మ భయపడుతూనే వాణ్ణి దుంగ ఎక్కించింది. వాడు హాయిగా కాళ్లు చాపాడు, తల్లి ఆకాశం వంకే చూస్తూ కూర్చుంది. అంతలో నీడ పడింది. ఇద్దరూ బుడుంగున మునిగారు.

“ఇక వద్దురా” అనబోయి వాడి వీపు ముట్టుకుంది. ఇంకా మెత్తగానే ఉంది. నీడ దాటగానే మళ్లీ తనే వాణ్ణి దుంగ మీదికి నెట్టింది.