ఇరవై ఒకటో రౌండు

వంతెనల లెక్కలు చూసే ఇంజనీరు ఆ రాత్రి ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. ఆ లెక్కలకు కంప్యూటర్ ఒక్క దెబ్బకు జవాబు చెప్పదు. ముందు ఉజ్జాయింపుగా ఒకటి పట్టుకుని, రౌండు రౌండుకీ అందులోని తప్పును సగానికి తగ్గిస్తూ పోతుంది. రౌండుకో నిమిషం. ఇరవై రౌండ్లకు ఆగమని అతనే పెట్టాడు.

పోయిన ఏడాది ఒక వంతెనకు మాత్రం ఎనిమిదికే ఆపేశాడు. "ఇంకొన్ని తిరగనీ తమ్ముడూ, రౌండుకో నిమిషమేగా" అని పక్క సీటు అక్క మొత్తుకుంది. "చాల్లే అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు. వంతెన కూలాక, ఆ లెక్క చేసింది ఆవిడేనని చెప్పి చేతులు దులిపేసుకున్నాడు. ఆవిడ ఉద్యోగం పోయింది. నెల తిరక్కుండా ఆవిడా పోయింది.

తెర మీద ఇరవై దగ్గర ఆగాల్సింది ఆగలేదు. ఇరవై ఒకటి పడింది.

ఆవిడ పోయాక హాలు చివరికి నెట్టేసిన ఆవిడ కుర్చీ కీచుమంది. తిరిగి చూస్తే, ఖాళీగానే, సగం దూరం వచ్చి నిలబడి ఉంది. ఇరవై రెండు పడగానే మిగిలిన దూరంలో సగం జరిగింది. అతను ప్లగ్గు పీకేశాడు. తెర ఆరలేదు. పారిపోదామంటే కాళ్లు కదల్లేదు. ముప్పై దాటేసరికి కుర్చీ అతని వీపుకు అంగుళం దూరంలో ఉంది.

"చాలక్కా! నీ కాళ్లు పట్టుకుంటా."

"తప్పు ఇంకా సున్నా కాలేదు తమ్ముడూ" అని చెవి పక్కనే తీరిగ్గా వినిపించింది. "రౌండుకో నిమిషమేగా."

సగంలో సగం ఎన్నిసార్లు తీసినా సున్నా కాదని అతనికి తెలుసు.

ఆవిడకూ తెలుసు.