ఏడో ఇల్లు

“పర్మిషన్ చీటీ చూపించండి సార్.”

ఏకాంబరం చాచిన తుండుగుడ్డను అట్లాగే పట్టుకొని తలెత్తాడు. ఎదురుగా మెడలో మునిసిపాలిటీ కార్డు వేలాడేసుకున్న మనిషి. కార్డు మీద తంగరాజు అని అరవంలో ఉంది. పొన్నేరి బజారు వీధిలో పదకొండు గంటల ఎండ. చెప్పుల్లేని కాళ్లు మాడుతున్నాయి, పసుపు పంచె చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. తుండులో ఆరిండ్ల బియ్యం ఉంది. ఇంకొక్క ఇల్లు అయితే చాలు.

ఇది చందా కాదు, మొక్కు అని చెప్పుకున్నాడు ఏకాంబరం. తిరుత్తణి మురుగయ్యకు మడిపిచ్చై మొక్కు. ఉన్నవాడైనా లేనివాడైనా ఏడిండ్ల ముందు తుండు పట్టి, పడిన బిచ్చం కొండ మీద స్వామికి చేర్చాలి. ఈరోజు ఆడికృత్తిక, ఆ స్వామి పండగ. దీపాలు పెట్టేలోగా చేరకపోతే మొక్కు మొక్కుగానే ఉండిపోతుంది.

“అందరూ ఇదే చెప్తారు సార్,” అన్నాడు తంగరాజు.

గొంతులో కోపం లేదు, అలసట ఉంది. పోయిన నెల ఎవడో గుడి కడతామని ఊరంతా వసూలు చేసుకొని మాయమైపోయాడట. అప్పటినుంచి ఆఫీసు చీటీ లేకుండా ఎవరు ఇల్లిల్లూ తిరిగినా, వాళ్ల దగ్గరున్నది లాక్కోమని ఆర్డరట. తనదేముంది, చెప్పిన పని చేయడమే కదా అన్నాడు.

ఏకాంబరానికి నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. అవన్నీ తను రోజూ అనే మాటలే. తిరుత్తణి మునిసిపాలిటీలో తొమ్మిదేళ్లుగా అతను చేసే ఉద్యోగమూ ఇదే. డబ్బాలవాళ్లు, రసీదు పుస్తకాలవాళ్లు, ఒడి పట్టినవాళ్లు, రోజుకు పదిమందైనా దొరుకుతారు. ఎవరి ముఖమూ చూడడు. ముఖం చూస్తే ఆ పని జరగదు. చేతుల్లో ఉన్నది లాక్కుంటాడు, అందరూ ఇదే చెప్తారంటాడు, ముందుకు పోతాడు.

అందుకే, తనకు జ్వరమని అబద్ధం చెప్పి సెలవు పెట్టి, ఇంత దూరం వచ్చాడు. తిరుత్తణిలో తుండు పడితే వీధి వీధంతా నవ్వుతుంది. పోనీ పక్కనున్న కే.జీ.కండిగైకి పోదామంటే అక్కడ పాలు పోసేవాడికి కూడా తను తెలుసు. తెలియని ఊరని తెల్లారక ముందే బస్సెక్కాడు. ఏ ఊరైతేనేం, పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం! తంగరాజు మెడలో ఉన్నటువంటి కార్డే అతని బొడ్లో దోపుకున్న పర్సులోనూ ఉంది. తీసి చూపించడానికి మాత్రం సిగ్గు అడ్డమొచ్చింది.

అంతలో ఫోను మోగింది. తిరువళ్లూరు ఆస్పత్రి నుంచి భార్య చంద్రావతి. కూతురు యశస్వినికి ఇది తొమ్మిదో రోజు జ్వరం. బిడ్డ కన్ను తెరవడం లేదు. మొక్కుకున్నది చంద్రావతే. ఎవరి ముందూ తల వంచని మనిషి తలవంచి అడిగితేనే స్వామి వింటాడని భర్త చేత ఒట్టు వేయించుకుంది. ఇప్పుడామె ఒకే ఒక్క మాట అడిగింది, ఎన్ని ఇండ్లయినాయని. ఆరు అని చెప్పి ఫోను పెట్టేశాడు. తను పట్టుబడిన సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

“తమ్మీ, బిడ్డ ఆస్పత్రిలో ఉండాది. ఇంకొక్క ఇల్లు. నీ కాళ్లు పట్టుకుంటా,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగి అతనా మాట ఎవరితోనూ అనలేదు.

తంగరాజు కాసేపు అతని ముఖంలోకే చూశాడు.

“ఆరే అయినాయా సార్?”

“ఆరే.”

“నా ఎంట రాండి.”

ఆఫీసుకే అనుకున్నాడు ఏకాంబరం. అక్కడ ఏం జరుగుతుందో అతనికి తెలియనిదా? తుండు ఒక మూల పడుతుంది. సంతకం పెట్టాల్సినాయన భోజనానికి పోయి ఉంటాడు. పొద్దు వాలేదాకా బెంచీ మీద కూర్చోవాలి. తనెంతమందిని అలా కూర్చోబెట్టలేదు! చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకుంటూ, కాళ్లీడ్చుకుంటూ వెనకే నడిచాడు.

తంగరాజు బజారు దాటి, సందులోకి తిరిగి, ఒక రేకుల ఇంటి ముందు ఆగాడు. మెడలోని కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు విడిచి, “మంజూ, చేటలో బియ్యం తీసుకొని రా,” అని లోపలికి కేకేశాడు.

గోడ పట్టుకొని అడుగులో అడుగేసుకుంటూ అతని భార్య వచ్చింది. మనిషి బాగా చిక్కిపోయింది, గడప దగ్గరికి వచ్చేసరికే ఆయాసపడుతోంది. తంగరాజు ఒక చేత్తో ఆమె భుజం పట్టుకొని, ఇంకో చెయ్యి చేటకు ఆనించాడు. ఇద్దరూ కలిసి తుండులో బియ్యం పోశారు.

ఏడు.

ఏకాంబరానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కొండ మీద మీ ఇద్దరి పేరునా అర్చన చేయిస్తానన్నాడు. ఈ రుణం ఎట్లా తీర్చుకునేదన్నాడు. ఆర్డరుందని తెలిసీ తనను ఎందుకు వదిలిపెట్టావని కూడా అడిగాడు.

తంగరాజు వంగి, బియ్యం ఒలికిపోకుండా తుండు కొసలు కలిపి ముడి వేశాడు.

“పోయిన తై నెల కిరుత్తిగకు నేనూ తెలీని ఊరని తిరుత్తణికొచ్చినా సార్. ఆరో ఇంటికాడ నా తుండు లాక్కున్నది మీరే,” అన్నాడు. భార్య వైపు చూశాడు. “దీని కోసరం మొక్కిన మొక్కు ఇంకా అట్లే ఉండాది. మళ్లా వస్తా. ఈతూరి నా ఏడో ఇల్లు మీదే సార్.”