మొండయ్య తాత బ్యాడ్జీ

“గది బ్యాడ్జీ కాదు, మీరే బ్యాడ్, జీ!” అంది జానకి, టిఫిన్ డబ్బా భర్త చేతిలో పెడుతూ. “పదకొండేండ్లు దాసుకున్నరు. ఇగ పోయి వాళ్లది వాళ్లకిచ్చి రాండ్రి.”

జనగామలో బట్టల దుకాణం నడిపే జగపతికి పాత మిలట్రీ బ్యాడ్జీల పిచ్చి. ఇత్తడివి కాదు, గుడ్డ మీద జరీతో కుట్టినవి. అసలేదో నకలేదో తేల్చుకోవడానికి హైదరాబాద్ వాళ్లు కూడా ఆయన దగ్గరికే తెస్తారు. ఆయన ముందువైపు చూడడు, తిప్పి చూస్తాడు. “కుట్టు తిప్పితే గుట్టు తెలుస్తది” అంటాడు. మిషన్ కుట్టయితే నకలు. చేతికుట్టు, నల్లబడ్డ జరీ తీగ అయితే అసలు. పాత సిపాయిల టోపీలు కూడా బీరువా నిండా ఉన్నాయి. కానీ ఆయన ఇంకొకరికి టోపీ పెట్టింది ఒక్కసారే.

ఆ ఒక్కసారి కొడకండ్ల నుంచి మహిపాల్ అనే రైతు, చెల్లెలు సుమను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు.

“మా మొండయ్య తాత నిజాం రిసాలాల గుర్రం మీద తిరిగిండు సార్. గిది ఆయన భుజం మీదిది. అసలుదేనని జర కాగితం రాసియ్యండ్రి. ఊళ్లె ఎవ్వడూ నమ్ముతలేడు.”

జగపతి తిప్పి చూశాడు. చేతికుట్టు. నల్లబడ్డ తీగ. అలాంటిది తన దగ్గర లేదు. జరీ మీద ఆశతో జర అబద్ధమాడాడు.

“గిది పెండ్లి బ్యాండోళ్ల బ్యాడ్జీ తమ్మీ. నకలు.”

మహిపాల్ మొహం మాడిపోయింది. సుమ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“నకల్ది నాకెందుకు సార్” అని మహిపాల్ దాన్ని బల్ల మీదే వదిలేసి పోయాడు.

జగపతి దానికి అద్దాల పెట్టె చేయించాడు. తీరా చూస్తే ఆ అద్దంలో సిపాయి కనిపించలేదు, ఏడుస్తున్న సుమ కనిపించింది. పెట్టెను బీరువాలోకి మార్చినా ఆ ఏడుపు బయటే ఉండిపోయింది. మొన్న ప్రదర్శన పెడతామని వచ్చినవాళ్లు “ఇది ఎవరిదండీ?” అని అడిగారు. నాదే అనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆ రాత్రే జానకికి అంతా చెప్పేశాడు.

కొడకండ్లలో బస్సు దిగి ఇల్లు అడిగాడు.

“ఎవలు, బ్యాండు మహిపాలా? గా మూల మీదనే.”

జగపతి పెట్టెను చంకలోకి నొక్కుకున్నాడు. తన ఒక్క మాట ఊరికి ఎట్లా చేరిందో, పేరుకు ముందు ఎట్లా అతుక్కుందో!

అరుగు మీద సుమ మగ్గం ముందు వంగి కూర్చుని, ఎవరిదో పెండ్లి జాకెట్టుకు పూలు కుడుతోంది. ఆయన్ను చూడగానే సూది ఆగిపోయింది. మహిపాల్ లోపలినుంచి వచ్చాడు.

“తమ్మీ, ఆనాడు నేను అబద్ధం చెప్పిన. గిది అసలుదే. మీ తాత సిపాయే. ఆశపడి నీ దగ్గర కొట్టేసిన” అంటూ జగపతి పెట్టె, సంతకం చేసిన కాగితం ముందు పెట్టాడు.

మహిపాల్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

“నా బిడ్డ పెండ్లిల గూడ, ‘బ్యాండు మేళమెందుకు, నువ్వే ఉన్నవ్ గదా’ అన్నరు సార్.”

“తిట్టు తమ్మీ. కొట్టినా పడ్త.”

“మిమ్ముల ఎందుకు కొడ్త? ఇంత దూరమొచ్చి ఒప్పుకుండ్రు. ఇగ సూడుండ్రి, ఊరంత కొడ్త డప్పు!”

కాగితం పట్టుకుని చెప్పుల్లేకుండానే వీధిలోకి ఉరికాడు. “ఓ యాదమ్మా! మా తాత సిపాయేనంట! సార్ రాసిచ్చిండు!” అన్న కేక రెండిళ్ల అవతలినుంచి వినబడింది.

జగపతికి పదకొండేళ్ల తర్వాత ఊపిరి పూర్తిగా ఆడింది. కానీ సుమ తలెత్తలేదు. ఆమె కళ్లు మళ్లీ కారుతున్నాయి.

“ఆనాడూ ఏడిపించిన, ఇయ్యాలా ఏడిపిస్తున్న. ఏమన్న అను బిడ్డా” అని చేతులు జోడించాడు.

సుమ వీధివైపు చూసి, గొంతు బాగా తగ్గించింది.

“మా అన్నకు చెప్పకుండ్రి సార్... అసలుదాన్ని ఎలుకలు కొరికితే, ఆ జరీతోనే గిది నేను కుట్టిన.”