రెండోసారికే

"బాబాయ్, సూడు, డీ ఎఫ్ కొట్టు."

"కొట్టినానమ్మా. ఒద్దంటన్నాది."

"మళ్లీనా? డీ ఎఫ్. అంతే."

"ఆ... ఇప్పుడొచ్చినాది."

ఝాన్సీలక్ష్మి కళ్లు నులుముకుంది. మూడు వారాలుగా ఇదే వరస. నౌపడ ఉప్పు కంపెనీ సర్వర్ డీ ఎఫ్ లాంటి ఏ ఆజ్ఞా మొదటిసారి వినదు. రెండోసారికే వింటుంది. ముసలి మిషను, పోనీలే అనుకుంది.

ఆమె ఉండేది విజయనగరంలో. సర్వర్‌లోకి బయటినుంచి వెళ్లే దారి పెద్దాఫీసుకే ఉంది. అందుకే రోజూ పదింటికి గోదాము గుమాస్తా విక్టర్‌కి ఫోన్ చేసి, సర్వర్ బాగోగులు అతని వేళ్లతో చూడాలి. అతని రిటైర్మెంటుకి ఇంకా ఏడాది ఉంది.

మొదట్లో ఆజ్ఞలు వాట్సాప్‌లో పంపింది. కుదరలేదు. ఆమెది మ్యాక్, అతనిది విండోస్, సర్వర్‌ది లైనక్స్. ముగ్గురికీ ఉన్నది టెర్మినల్ అనే నల్లకిటికీయే, కానీ ఒక్కోదానిది ఒక్కో తీరు. ఒకచోట కాపీ చేసే మీటలు ఇంకోచోట నడుస్తున్న పనిని ఆపేస్తాయి. ఒకచోట మౌస్ కుడి బటన్ నొక్కితే అడుగుతుంది, ఇంకోచోట అడక్కుండా అంతా అతికించేస్తుంది. విక్టర్ రెండుసార్లు పని ఆపేశాడు. అప్పటినుంచి ఫోన్లో ఒక్కో ముక్కా చెప్పడమే.

"బాబాయ్, సూడు, ఎల్ ఎస్ కొట్టు."

"ఒద్దంటన్నాది."

"అబ్బా! ఎల్ ఎస్, బాబాయ్!"

"ఇప్పుడొచ్చినాది. ఈ మిషనుకి మా ఆవిడ బుద్ధొచ్చినాదే, పిలిస్తే ఒకపాలికి పలకదు."

ఆమెకి నవ్వే ఓపిక కూడా లేదు.

మధ్యాహ్నం పెద్దాఫీసు నుంచి జయకృష్ణ ఫోన్ చేశాడు. "సర్వర్ చిట్టా పంపాను, చూశావా? మీ విక్టర్, సర్వర్ యజమాని అధికారం లాక్కోవాలని చూస్తున్నాడు. సుడో వాడాడు, అరవై రెండుసార్లు."

సుడో అంటే, తనకు హక్కు లేని పనిని యజమాని హోదాలో చేయించే ఆజ్ఞ. హక్కు లేనివాడు వాడితే సర్వర్ కాదంటుంది, పేరు రాసి పెడుతుంది.

అతను పంపిన చిట్టా తెరిచింది. అరవై రెండూ పొద్దున్న పది, పదిన్నర మధ్యనే. అంటే తనతో మాట్లాడుతూనే. నోటితో అమ్మా అంటూ, వేళ్లతో దొంగపని!

వెంటనే ఫోన్ చేసింది. "బాబాయ్, నేను సెప్పింది కాక ఇంకేటైనా కొట్టినావా?"

"నీ మాట దాటి ఒక్కచ్చరం కొట్టనేదమ్మా. ఏటైనాది?"

"ఏమీ లేదు." పెట్టేసింది.

అబద్ధం కూడా ఎంత శాంతంగా ఆడుతున్నాడు! ఆమెకి కోపం రాలేదు. అలసట వచ్చింది. రిపోర్టులో 'ఉద్దేశపూర్వకం' అన్న చోట టిక్కు పెట్టి పంపేసింది. నాలుగు గంటలకి అతని లాగిన్ మూసేశారు. అయిదింటికి ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఉత్తరం వెళ్లింది.

అయిదున్నరకి విక్టరే ఫోన్ చేశాడు.

"అమ్మా, రేపట్నుంచి రావద్దంట. ఏదో దొంగతనం సేసినానంట. నాకు ఇంగ్లీషు ఉత్తరం ముక్క అరదమవలేదు. నువ్వైనా సెప్పమ్మా, నేనేటి సేసినాను?"

"సుడో ఎందుకు కొట్టారు?" ఆమె మాటలో సొంతూరు గజపతినగరం యాస పోయి ఆఫీసు భాష వచ్చింది.

"సుడో ఏటమ్మా?"

"ఎస్, యు, డి, ఓ."

ఉప్పు లారీల చప్పుడు మధ్య విక్టర్ ఆ అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"అదా... దాన్ని పాత ఇంజినీరు గంగులుగారు 'సూడు' అనే నేర్పినారు, నువ్వూ పెతీదానికీ ముందు సూడు, సూడు అంటంటే అదే కొడతన్నాను గదమ్మా."