కట్టమైసమ్మ దగ్గర చీకటి

గుట్టలెక్కి దిగుతూ గేర్ల సైకిలు తొక్కేది స్వరూప. చూసేది మాత్రం హైదరాబాదులో సోఫాల మీద కూర్చున్నవాళ్లు. ఆమె కంటికి ఆనిన అడవి, చెరువు, పాత కోట, గుండె దడతో సహా, టూరు కంపెనీ ఆమె కంట్లో అమర్చిన యంత్రం గుండా వాళ్లకు చేరిపోతాయి. చెమట ఒక్కటే ఆమెకు మిగులుతుంది.

ఆవేళ బిడ్డకు జ్వరం. చెరువు కట్ట మీద కట్టమైసమ్మ కనబడగానే స్వరూప సైకిలాపి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. సోఫాలో ఉన్న వాసుదేవరావుకు లోకమంతా చీకటైపోయింది.

"ఏమైందమ్మా?" అని ఆయన గొంతు ఆమె చెవిలో వినిపించింది.

స్వరూప గబుక్కున కళ్లు తెరిచింది. పనిలో కళ్లు మూస్తే ఉద్యోగం ఊడుతుందని చేరిన రోజే చెప్పారు.

"తప్పైంది సారు. బిడ్డకు పాణం బాగలేదు. మొక్కుకున్న."

వాసుదేవరావు సోఫాలో వెనక్కి వాలాడు.

"ఇన్నేళ్లుగా కోటలూ అడవులూ చూస్తున్నాను. ఇంత హాయి ఎక్కడా దొరకలేదు. ఏదీ, ఇంకోసారి మూయమ్మా."

వారం తిరక్కుండానే కంపెనీ ఆ చీకటిని టూరులో కలిపేసింది. ఇప్పుడు కోట కన్నా దానికే గిరాకీ. ప్రతి ట్రిప్పులోనూ స్వరూప కట్ట మీద ఆగి, కళ్లు మూసుకుని, రాత్రికి ఏం కూర వండాలా అని ఆలోచిస్తుంది. సోఫాల్లో జనం మైమరచిపోతున్నారు.

"మరి బిడ్డ కోసం ఎప్పుడు మొక్కుతవ్?" అని భర్త ఐలయ్య అడిగాడు.

"డ్యూటీ దిగినంక," అంది స్వరూప. "అప్పుడు కండ్లు తెరిచే మొక్కుత. లేకుంటే గిది సుత డ్యూటీనే అనుకుంటది మైసమ్మ."