ఏడో సీసా

"ఏడో సీసా సంగతేమైంది?"

ప్రొఫెసర్ అడగడం అది మూడోసారి.

"పరీక్షకి సరిపడా కణాలు లేవు సార్. ఇంకొంచెం పెరగనివ్వండి," అన్నాడు కోదండం.

అబద్ధం. ఆ అబద్ధాన్ని రిజిస్టరులో కూడా తేదీ వేసి రాశాడు. గంగ ఒడ్డున ఉన్న ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్లలో మొదటి బీఎస్సీ అతనే, మొదటి డాక్టరేటూ అతనే. తప్పు రాయడం అతనికి అలవాటు లేని పని. అయినా రాశాడు.

ఒక చెట్టు బెరడులోంచి తీసిన పదార్థానికి చిన్న చిన్న మార్పులు చేసి, కొత్త మందులు తయారు చెయ్యడం కోదండం పని. వాటిని కాన్సర్ కణాల మీద వేసి చూస్తాడు. నలభై ఒకటో మందు ఆరు రకాల కణాలను చంపింది. ఆ ఆరూ విదేశాల నుంచి తెప్పించినవి. ఏడో రకం ఈ ల్యాబులోనే పెంచింది. కడుపు కాన్సర్ కణాలు. ఇంతవరకూ ఏ మందుకీ లొంగలేదు. అవి కూడా చస్తే మందును ఎలుకల మీద, ఆ తర్వాత మనుషుల మీద పరీక్షించవచ్చు.

ఏడు నెలల కిందటి సమ్మెలో ద్రవ నైట్రోజన్ లారీ రాలేదు. దానితో గడ్డకట్టించి దాచిన ఏడో రకం నిల్వలన్నీ పాడయ్యాయి. మిగిలింది ఒక్క సీసా. పాతబడిన కణాలు, ఇక పెరగవు. ఉన్నవి సరిగ్గా ఒక్క పరీక్షకి వస్తాయి. ఆ తర్వాత ఏమీ మిగలదు.

రెండు రోజులకోసారి ఆ సీసాలో కణాలకు ఆహారమైన గులాబీరంగు ద్రవం మార్చాలి. ఆ పని కోదండం ఎవరికీ ఇవ్వలేదు. బంద్ రోజుల్లో బస్సులు లేకపోతే నడిచి వెళ్లేవాడు.

"ఆదోరం లేదు, బందూ లేదు. ఎవులికి మేత పెట్టడానికెల్తన్నావు మావా?" అంది భార్య అప్పాయమ్మ, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"కణాలకి."

"ఒక్క పూట అవి ఆగలేవేటి? నీకోసం నాను ఆగట్లేదా?"

కోదండం డబ్బా తీసుకుని నడక మొదలెట్టాడు.

ల్యాబులో ప్రొఫెసర్ మాత్రం ఈ ఆలస్యానికి కారణం తనకు అర్థమైందనుకున్నాడు. "ఆరుచోట్ల గెలిచాం, ఏడోచోట ఓడిపోతామని నీ భయం. అంతేనా?"

"అంతే సార్," అన్నాడు కోదండం. ఆయన అలా అనుకోవడమే నయం.

ఆ సాయంత్రం పక్క క్వార్టరు సన్యాసమ్మ వరండాలో మంచం మీంచి పిలిచింది. ఆమెదీ కడుపు కాన్సరే. మనిషి సగమైపోయింది.

"నువ్వు సేసే మందు ఎప్పుడొస్తాది బాబూ?"

"ఇంకా... టైము పడతాది పెద్దమ్మా."

"నాకు కాదులే. మీ యమ్మకీ అందలేదు, నాకూ అందదు. ఎనకొచ్చేవోలకైనా అందాల గదా. నువ్వు కూకుంటే ఎలాగ?"

ఆమె మామూలుగానే అంది.

మర్నాడు కోదండం రిజిస్టరు తెరిచి పాత రాతలు కొట్టేశాడు. 'కణాలు ఏడు నెలల నుంచీ సరిపడా ఉన్నాయి. ఆలస్యం నాదే' అని రాసి సంతకం పెట్టాడు. సీసా ఖాళీ చేసి, కణాలన్నీ పళ్లెం గుంటల్లో సర్దాడు. సగం గుంటల్లో నలభై ఒకటో మందు, మిగతా సగంలో అదే మందు రెట్టింపు మోతాదులో వేశాడు.

రెండు రోజుల తర్వాత ప్రొఫెసర్ మైక్రోస్కోపు మీంచి తలెత్తి, గట్టిగా భుజం తట్టాడు.

"ఒక్కటి కూడా మిగల్లేదయ్యా. చూశావా, అనవసరంగా భయపడ్డావు. రిజిస్టరులో రాతలకి నిన్ను తిట్టాలి, రేపు తిడతాను. ఇవాళ ఇంటికెళ్లి ఆనందంగా ఉండు."

కోదండం తిన్నగా గంగ ఒడ్డుకి వెళ్లాడు. బట్టలతోనే మూడు మునకలు వేశాడు. తడిగుడ్డలతో ఇంటికొచ్చి, గుమ్మం దాటకుండా బయటే నిలబడ్డాడు.

"కాళ్ల మీద నీళ్లు పొయ్యి అప్పాయమ్మా. అంతవరకూ నన్ను ముట్టుకోకు."

కాటి నుంచి వచ్చినవాళ్లు తప్ప అలా అడగరు. అప్పాయమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఎవులు పోనారు మావా?"

"అమ్మ," అన్నాడు కోదండం.

తొమ్మిదేళ్ల కిందట ఆపరేషన్ బల్ల మీద తల్లి జగ్గమ్మ కడుపులోంచి తీసిన కణాలే ఇంతకాలం ఆ ఏడో సీసాలో బతికాయి.